సరిహద్దు పల్లెల్లో బడి హక్కులు: ప్రవేశం నుంచి అప్పీలు దాకా తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంది. మా బడి ప్రవేశ రిజిస్టరులో ప్రతి పిల్లవాడి పేరుకు ఎదురుగా పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం రాసే గడులతో పాటు మాతృభాష అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. మా తమ్ముడి కూతురిని ఒకటో తరగతిలో చేర్చిన రోజున ఆ గడిలో "ఒడియా" అని రాశారు. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పిల్ల అది. రాసినాయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. అందరికీ అలాగే రాస్తూ పోయారు, మమ్మల్ని అడగలేదు, మేమూ తొంగి చూడలేదు. ఏడాది తరువాత కొందరం తల్లిదండ్రులం కలిసి తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయమని అడగడానికి ఆఫీసుకు వెళితే, అక్కడి అధికారి "మీ బడిలో తెలుగు పిల్లలు ఎక్కడున్నారు? రికార్డులో ఒక్కరూ లేరు కదా" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది, ఎందుకంటే రికార్డు ప్రకారం ఆయన చెప్పింది నిజమే.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం ప్రాంతాల్లో ప్రభుత్వ బడులకు పిల్లలను పంపే తెలుగు కుటుంబాల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. మన హక్కులు చాలావరకు చట్టంలో ఉన్నాయి. అవి జారిపోతున్నది కాగితం దగ్గర. నోటిమాటగా అడిగి, నోటిమాటగానే జవాబు విని తిరిగి వచ్చే అలవాటు వల్ల మనం అడిగినట్టు కూడా ఎక్కడా నమోదు కావడం లేదు. అందువల్ల ప్రతి మెట్టు దగ్గర చట్టం ఏమంటున్నదో చెప్పి, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో, ఏ కాగితం మన దగ్గర దాచుకోవాలో కూడా చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసినది: ఏ హక్కు ఎంత గట్టిది

2002లో జరిగిన 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 21-ఎ అధికరణం చేరింది. 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయింది. దానిని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఒడిశా ప్రభుత్వం దీనికి 2010లోనే తన నియమాలు చేసుకుంది. బడిలో చేర్చుకోవడం, రుసుము లేకపోవడం, కొట్టకపోవడం, టి.సి. (బడి మారేటప్పుడు ఇచ్చే బదిలీ పత్రం) ఇవ్వడం, బడి నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులకు చోటు, ఇవన్నీ ఈ చట్టం కింద గట్టి హక్కులు. వీటికి "వీలైతే" అనే మినహాయింపు లేదు.

మాతృభాషలో బోధన సంగతి వేరు. 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతుంది. విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 29(2)(ఎఫ్) బోధన "ఆచరణ సాధ్యమైనంత వరకు" పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. ఆ మూడు మాటల వెనుక దాక్కోవడం ఏ అధికారికైనా సులువు. ఆచరణ సాధ్యమేనని చూపించే భారం మన మీదనే పడుతుంది. అందుకు సంఖ్యలు కావాలి, సంఖ్యలకు రికార్డు కావాలి. ఈ తేడాను ముందే గుర్తించడం మంచిది, లేకపోతే గట్టి హక్కును బతిమాలుతూ, మెత్తని హక్కును దబాయిస్తూ రెండింటినీ పోగొట్టుకుంటాం.

మొదటి మెట్టు: ప్రవేశం

బడి ఈడు పిల్లవాడిని చేర్చుకోబోమని ప్రభుత్వ బడి చెప్పడానికి వీలులేదు. పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని సెక్షన్ 14, ప్రవేశాల గడువు దాటిందన్న కారణంతో నిరాకరించకూడదని సెక్షన్ 15 చెబుతున్నాయి. ఆధార్ విషయంలో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టంగా తీర్పు చెప్పింది. బడిలో ప్రవేశానికి ఆధార్‌ను తప్పనిసరి చేయకూడదు, ఆధార్ లేదని పిల్లలకు అందే ప్రయోజనాలు ఆపకూడదు. మన ప్రాంతంలో తరచుగా వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. తల్లి పుట్టిల్లు పాతపట్నం వైపు, కాన్పు అక్కడ, ఆధార్ మీద చిరునామా శ్రీకాకుళం జిల్లాది, కాపురం పర్లాకిమిడిలో. చిరునామా ఆంధ్రలో ఉందని వెనక్కి పంపితే, విద్యాహక్కు చట్టం ఎక్కడా స్థానికత ధ్రువపత్రం అడగలేదని, వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించడం సెక్షన్ 9 ప్రకారం స్థానిక సంస్థ బాధ్యత అని మర్యాదగా చెప్పండి.

బడి దూరం గురించి కూడా ఒక కొలత ఉంది. 1 నుంచి 5వ తరగతి వరకు ఇంటికి కిలోమీటరు లోపల, 6 నుంచి 8 వరకు 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. పిల్లలు తక్కువగా ఉన్నారని బడిని మరో ఊరి బడిలో కలిపేస్తే మీరు మొదట కొలవవలసింది ఈ దూరాన్నే. దారిలో గెడ్డ ఉంటే, వానాకాలంలో అది పొంగితే, ఆ సంగతి కూడా అర్జీలో రాయాలి.

కుల ధ్రువపత్రం ప్రవేశానికి అడ్డు కాకూడదు. అయితే షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికి ఒకటిగా ఉంటాయి కాబట్టి, ఆంధ్రలో తీసిన పత్రం ఒడిశాలో ఉపకార వేతనానికి పనికిరాకపోవచ్చు. దానికోసం మీ తహసీల్దారు కార్యాలయంలో ముందుగానే విచారించండి.

రెండవ మెట్టు: మాతృభాష గడి

ఇది నిమిషం పని, కానీ తక్కినదంతా దీని మీదనే నిలబడుతుంది. ప్రవేశ పత్రం నింపేటప్పుడు మాతృభాష దగ్గర "తెలుగు" అని మీరే రాయండి. రాయడం రాకపోతే రాయించి, మీ కళ్ల ముందు చదివించుకోండి. తరువాత రిజిస్టరులోనూ అదే ఎక్కిందో లేదో చూడండి. ఈ రోజుల్లో ప్రతి పిల్లవాడి వివరాలు యూడైస్ ప్లస్ అనే జాతీయ వివరాల వ్యవస్థలోకి వెళతాయి, అందులోనూ మాతృభాష గడి ఉంది. రిజిస్టరు ఒకటి చెప్పి కంప్యూటరు మరొకటి చెబితే పై ఆఫీసులో కంప్యూటరు మాటే చెల్లుతుంది కాబట్టి, అక్కడ ఏమి నమోదైందో కూడా ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోవాలి.

"మీరు ఒడియా బాగానే మాట్లాడతారుగా, పిల్లకు రెండూ వస్తాయిగా" అని ఎవరైనా అంటే నొచ్చుకోనక్కరలేదు. 2014 మే 6న కర్ణాటక ప్రభుత్వానికీ ఆంగ్ల మాధ్యమ పాఠశాలల యాజమాన్యాల సంఘానికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించవలసింది తల్లిదండ్రులేనని చెప్పింది. అదే తీర్పు మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దే అధికారం రాష్ట్రానికి లేదని కూడా చెప్పింది. అంటే ఒడియా మాధ్యమంలోనే చదివించాలనుకునే తెలుగు తల్లిదండ్రులకూ ఆ స్వేచ్ఛ ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఒడిశాలో బతకబోయే పిల్లకు ఒడియా చక్కగా రావాలి, దానితో పాటు తెలుగు చదవడం, రాయడం కూడా రావాలి. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోవలసిన అవసరం లేదు.

ఇదివరకే తప్పుగా నమోదైతే సవరించమని అర్జీ ఇవ్వండి. పిల్ల పేరు, తరగతి, ప్రవేశ సంఖ్య, తప్పుగా ఉన్న మాట, ఉండవలసిన మాట, ఈ అయిదు వివరాలు చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండవదాని మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. మా పక్కింటి ఆవిడ నన్ను అడిగింది: "అప్పా, సారు మనోడే కదా, కాయితం మీద ముద్దర అడిగితే ఏటనుకుంటాడు?" ఏమీ అనుకోరు. ముద్ర వేసిన సారు రేపు బదిలీ అయితే తరువాత వచ్చే సారు ఆ ముద్రనే చూస్తారు.

మూడవ మెట్టు: టి.సి., రాష్ట్రం దాటి మారడం

ఒక బడి నుంచి మరో బడికి, రాష్ట్రం లోపలే కాదు, రాష్ట్రం బయటికి కూడా మారే హక్కు సెక్షన్ 5 ఇస్తున్నది. అడిగిన వెంటనే ప్రధానోపాధ్యాయులు టి.సి. ఇవ్వాలి. కొత్త బడివారు టి.సి. రాలేదన్న కారణంతో ప్రవేశం ఆలస్యం చేయకూడదు, నిరాకరించకూడదు. టి.సి. ఇవ్వడంలో జాప్యం చేసిన ప్రధానోపాధ్యాయుల మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పంట పనులకో, ఇటుక బట్టీలకో ఆంధ్రకు వెళ్లి వచ్చే కుటుంబాలు ఈ సెక్షన్‌ను నోటికి నేర్చుకోవాలి. అవతలి రాష్ట్రపు టి.సి. మీద అక్కడి అధికారి సంతకం కావాలని బడిలో అడగవచ్చు. ఆ సంతకం తెచ్చే లోగా పిల్లను తరగతిలో కూర్చోబెట్టమని రాతపూర్వకంగా కోరండి. టి.సి. చేతికి వచ్చినప్పుడు పేరు, పుట్టిన తేదీలతో పాటు మాతృభాష కూడా సరిగా ఉందేమో చూసుకోండి, అక్కడి తప్పు ఇక్కడికి నడిచి వస్తుంది.

మధ్యలో చదువు ఆగిపోయిన పిల్లను ఈడుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అలా చేరిన పిల్లకు 14 ఏళ్లు దాటినా 8వ తరగతి పూర్తయ్యే వరకు ఉచిత విద్య కొనసాగుతుంది.

నాలుగవ మెట్టు: బడి మనకు ఇవ్వవలసినవి

ప్రభుత్వ బడిలో 8వ తరగతి వరకు చదువు పూర్తి చేయడానికి అడ్డుపడే ఏ రుసుమూ వసూలు చేయకూడదు. పరీక్ష రుసుమని గానీ, రంగులు వేయించడానికని గానీ అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వలేని డబ్బును అడగడం సాధారణంగా అక్కడితో ఆగుతుంది. పాఠ్యపుస్తకాలు, యూనిఫారం ఉచితం.

మధ్యాహ్న భోజనం దయ కాదు. 2013 నాటి ఆహార భద్రత చట్టం దానిని హక్కు చేసింది. 1 నుంచి 5వ తరగతి పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, 6 నుంచి 8 వరకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. తలకు బియ్యం లెక్క 100 గ్రాములు, 150 గ్రాములు. 2015 నాటి నియమాల ప్రకారం ఏ కారణం చేతనైనా భోజనం పెట్టలేకపోతే, ఆ రోజులకు ధాన్యమూ వంట ఖర్చుల డబ్బూ కలిపి ఆహార భద్రత భత్యంగా మరుసటి నెల 15వ తేదీ లోపల ఇవ్వాలి. వరుసగా 3 బడి రోజులు, లేదా నెలలో 5 రోజులు భోజనం ఆగితే ఎవరి బాధ్యతో ప్రభుత్వం తేల్చాలి. వంట ఆగిన రోజులను గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి చాలు, అదే రేపు సాక్ష్యం.

ఉపాధ్యాయుల సంఖ్య విషయంలో విద్యాహక్కు చట్టం అనుబంధ పట్టిక చాలా స్పష్టంగా ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు అయిదుగురు. 150 దాటితే ప్రధానోపాధ్యాయులు అదనం. అంటే ఒక్క ఉపాధ్యాయుడే అయిదు తరగతులూ చూసుకునే బడి, అది కొండ మీద ఉన్నా సరే, చట్టానికి విరుద్ధం. ఏడాదికి 1 నుంచి 5 తరగతులకు 200, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు ఉపాధ్యాయులను పంపకూడదు. అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ ఉండాలి. దివ్యాంగులైన పిల్లలకు 2016 నాటి చట్టం కింద 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉంటే 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది.

విద్యాహక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టవచ్చు. తప్పిన పిల్లకు అదనపు బోధన చెప్పి, 2 నెలల లోపల మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలి. అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏమైనా 8వ తరగతి పూర్తి కాకుండా బడి నుంచి పంపివేయకూడదు.

అయిదవ మెట్టు: కమిటీలో కూర్చోవడం

పాఠశాల నిర్వహణ కమిటీని మనవాళ్లు సంతకాల కమిటీగా చూస్తారు. సెక్షన్ 21 దానికి నిజమైన అధికారం ఇచ్చింది. సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చును చూడడం దాని పనులు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి ఏటా వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1000 వరకు 75,000 అనేది కేంద్రం పెట్టిన పరిమితి. మీ బడికి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో సమావేశంలో అడగడానికి సభ్యుడికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

సమావేశాల్లో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం ఒడియాలో ఉంటుంది. చదవలేని భాషలో ఉన్నదాని కింద సంతకం చేయకండి. ఒడియా చదివే మీ అబ్బాయినో, మేనకోడలినో తోడు తీసుకెళ్లి గట్టిగా చదివించుకుని, విన్న తరువాత సంతకం చేయండి. తెలుగు పిల్లలున్న బడిలో కమిటీ చేయవలసిన మొదటి తీర్మానం ఇది: "ఈ బడిలో మాతృభాష తెలుగుగా ఉన్న పిల్లలు తరగతి వారీగా ఇంతమంది ఉన్నారు, వారికి తెలుగు బోధించే ఉపాధ్యాయుడు అవసరం." ఈ తీర్మానం ప్రతి తరువాతి మెట్టుకు ఆధారం.

ఆరవ మెట్టు: తెలుగు ఉపాధ్యాయుణ్ణి అడగడం

సంఖ్య ఎంత ఉండాలన్న ప్రశ్నకు పాత జవాబు ఒకటి ఉంది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఒప్పుకుంది. ప్రాథమిక బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే వారి భాషలో చెప్పడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. ఆ సూత్రాన్ని తరువాత 1956 నాటి కేంద్ర మెమొరాండం, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం కూడా స్వీకరించాయి. ఇది శాసనం కాదు, రాష్ట్రాలు ఒప్పుకున్న పద్ధతి. అయినా 350-ఎ అధికరణంతో జతచేసి చూపినప్పుడు దీనికి బరువు వస్తుంది. అదే పద్ధతిలో ముందస్తు రిజిస్టరు అనే ఏర్పాటు కూడా ఉంది. కొత్త సంవత్సరం మొదలయ్యే ముందే, మాతృభాషలో చదువు కోరే పిల్లల పేర్లను బడిలో నమోదు చేయాలి. ఒక బడిలో చాలినంత మంది లేకపోతే పక్క బడులతో సర్దుబాటు చేయాలి. అటువంటి రిజిస్టరు ఉందని చాలామంది ప్రధానోపాధ్యాయులకే తెలియదు, కాబట్టి దానిని తెరవమని మనమే అర్జీలో కోరాలి.

తెలుగు ఒడిశా విద్యా వ్యవస్థకు కొత్త భాష కాదు. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో మొదటి భాషగా ఎంచుకోగలిగిన భాషలలో తెలుగు ఉంది. మాధ్యమిక విద్యా మండలి 10వ తరగతి పరీక్షలో మొదటి భాషగా తెలుగు రాయవచ్చు. సవర, కువి వంటి గిరిజన భాషల్లో చిన్న తరగతులు నడిపే బహుభాషా విద్యా కార్యక్రమం ఈ జిల్లాల్లోనే సాగుతున్నది. ఈ మూడు సంగతులూ ఆచరణ సాధ్యమేనని చూపించే ఆధారాలే.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, సవర పిల్లలకు వారి భాషలో చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని, వాచకాలు తయారు చేసి, బడి పెట్టించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉన్నాం. మన పిల్లల కోసం అడిగేటప్పుడు, అదే బడిలో కూర్చునే సవర పిల్ల కోసం కూడా అడగడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

అర్జీ నమూనా ఇలా ఉండవచ్చు:

"ప్రధానోపాధ్యాయుల వారికి, కింద సంతకాలు చేసిన తల్లిదండ్రులు వ్రాసుకున్న మనవి. మా పిల్లల మాతృభాష తెలుగు. వారి పేర్లు, తరగతులు, ప్రవేశ సంఖ్యలు ఈ అర్జీకి జతచేసిన పట్టికలో ఉన్నాయి. మొత్తం పిల్లలు ఇంతమంది, ఫలానా తరగతిలో ఇంతమంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం, విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 29(2)(ఎఫ్) ప్రకారం వీరికి తెలుగులో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించేందుకు ఈ అర్జీని, కమిటీ తీర్మానం ప్రతిని బ్లాకు విద్యాధికారి వారికి పంపవలసిందిగా, రాబోయే సంవత్సరానికి ముందస్తు రిజిస్టరు తెరవవలసిందిగా, తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము."

దీని వెంట ఒడియా ప్రతి జతచేయండి. పట్టికలో పిల్లల వివరాలు రిజిస్టరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒక్క పేరు తప్పుగా ఉన్నా మొత్తం అర్జీని తిప్పి పంపే అవకాశం ఇచ్చినట్టవుతుంది. మా అర్జీ మొదటిసారి అలాగే వెనక్కి వచ్చింది. ఇద్దరు పిల్లలకు ప్రవేశ సంఖ్య బదులు హాజరుపట్టీ సంఖ్య రాశాం.

ఏడవ మెట్టు: దెబ్బలు, అవమానాలు

సెక్షన్ 17 శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధిస్తుంది. బెత్తం దెబ్బ అందరికీ కనబడుతుంది. తెలుగులో మాట్లాడినందుకు నిలబెట్టడం, ఉచ్చారణను తరగతి ముందు వెక్కిరించడం కనబడవు, కానీ అవీ మానసిక వేధింపే. పిల్ల బడికి వెళ్లనని మొండికేస్తే కోప్పడే ముందు కారణం అడగండి. జరిగిన రోజు, సమయం, అన్న మాట, చూసిన పిల్లలు, ఇవన్నీ అదే రోజు రాసి పెట్టుకోండి. దెబ్బ తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. లైంగిక వేధింపు అయితే బడిలో పంచాయితీకి ఒప్పుకోకుండా నేరుగా పోలీసులకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం కింద సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయకపోవడమే నేరం. పిల్లల సహాయవాణి సంఖ్య 1098.

ఎనిమిదవ మెట్టు: ఫిర్యాదు ఎవరికి, ఏ భాషలో

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ తన బాధను కేంద్ర, రాష్ట్ర అధికారులకు, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు ఇస్తున్నది. కాబట్టి తెలుగులో ఫిర్యాదు ఇవ్వడం తప్పు కాదు, తెలుగులో ఉందని తీసుకోకపోవడమే తప్పు. అయితే పని త్వరగా జరగాలంటే ఒడియా ప్రతిని కలిపి ఇవ్వడం తెలివైన పని. హక్కును నిలుపుకుంటూనే అధికారికి చదవడం సులువు చేసినట్టవుతుంది.

మొదట ప్రధానోపాధ్యాయులకు, తరువాత బ్లాకు విద్యాధికారికి, అక్కడా కదలకపోతే జిల్లా విద్యాధికారికి ఇవ్వాలి. జిల్లా కలెక్టరు గ్రీవెన్సులో స్వయంగా చేతికి ఇవ్వవచ్చు, రాష్ట్ర ప్రభుత్వపు జన సునాణి పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, అది ఇరువైపుల మాట విని 3 నెలల లోపల తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు పైన "సెక్షన్ 32 కింద" అని స్పష్టంగా రాయండి, గడువు లెక్క అప్పుడే మొదలవుతుంది. భాషా సంబంధమైన ఫిర్యాదు అయితే ఒక ప్రతిని 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు కూడా రిజిస్టరు పోస్టులో పంపండి. ఆ కార్యాలయం 1957 నుంచి ఉంది. దానికి ఆజ్ఞాపించే అధికారం లేదు, కానీ రాష్ట్రాన్ని వివరణ అడగగలదు, దాని నివేదికలు రాష్ట్రపతికి, పార్లమెంటుకు వెళతాయి.

తొమ్మిదవ మెట్టు: సమాచార హక్కు

జవాబు రాని చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం పనికివస్తుంది. ఇక్కడ మాత్రం భాష నియమం వేరు. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో, అంటే మనకు ఒడియాలో ఉండాలి. రాయలేని వారు నోటితో చెబితే దానిని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సహాయం చేయాలని సెక్షన్ 6 చెబుతుంది. ఒడిశాలో ఫారం-ఎ నింపి, 10 రూపాయల రుసుముతో, గుర్తింపు కార్డు నకలుతో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

"ఎందుకు వేయలేదు" అని అడగకండి, ఆ చట్టం కింద కారణాలు రావు, రికార్డులు వస్తాయి. "మా బ్లాకులో తెలుగు బోధనకు మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిలో ఖాళీలు ఎన్ని, ఫలానా తేదీన మేమిచ్చిన అర్జీ మీద నడిచిన ఫైలు నోట్ నకలు, మా బడిలో మాతృభాష వారీగా పిల్లల సంఖ్య" అని అడగండి. 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల లోపల మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల లోపల రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు. మా అర్జీ ఎక్కడ ఆగిందో మాకు తెలిసింది ఫైలు నోట్ నకలు వల్లనే. అది పై ఆఫీసుకు వెళ్లనే లేదు.

చివరి మెట్టు: ఉచిత న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. దరఖాస్తును తల్లి పేరున, లేదా పిల్ల తరఫున పెడితే ఆదాయ పత్రం ప్రశ్నే రాదు. జిల్లా న్యాయ సేవల సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, సహాయవాణి సంఖ్య 15100. అన్ని మెట్లూ ఎక్కినా గట్టి హక్కు అందకపోతే కటకంలోని ఒడిశా హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. అక్కడ న్యాయవాది మొదట అడిగేది మీరు ఎవరికి ఏ తేదీన రాశారు, ఏమి జవాబు వచ్చింది అన్నదే.

అందుకని పిల్లకు ఒక అట్ట ఫైలు కొనండి. ప్రవేశ పత్రం నకలు, మాతృభాష గడి కనబడే రిజిస్టరు పుట నకలు, ముద్ర వేయించుకున్న ప్రతి అర్జీ, పోస్టాఫీసు రసీదులు, కమిటీ తీర్మానాల నకళ్లు తేదీల వరుసలో పెట్టండి. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి ముందస్తు రిజిస్టరు కోసం అర్జీని సంక్రాంతి అయిన వెంటనే ఇవ్వండి.